ఇంట్లో సుఖం, వీధిలో సుఖం

"అంత చదువూ చదివి, అంత దూరం వెళ్ళి, చివరికి బాత్రూములు కడుక్కుంటున్నావా తల్లీ!" అంది పిన్ని. ఫోన్ని కిటికీ గట్టు మీద నిలబెట్టి వీడియో కాల్ మాట్లాడుతున్నాను. నా చేతులకున్న రబ్బరు గ్లౌజులు ఆవిడ కంట్లో పడ్డాయి. కాకినాడలో పిన్ని ఇంట్లో అంట్లకీ బట్టలకీ ఒకావిడ వస్తుంది, వంటకి ఇంకొకావిడ, పెరడు శుభ్రం చేయడానికి అప్పుడప్పుడూ ఒక కుర్రాడు. అలాగని పిన్నివాళ్ళు జమీందార్లేం కాదు. ఆవిడ రిటైరైన స్కూల్ టీచరు. పింఛను మీద నడిచే ఇంట్లో ముగ్గురు పనివాళ్ళు ఉండటం మనలో ఎవరికీ వింతగా అనిపించదు. నేను ఉద్యోగం చేసుకుంటూ కూడా నా గిన్నెలు నేనే కడుక్కోవడం మాత్రం ఆవిడకి జాలిగా అనిపించింది.

అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను గానీ ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. ఇది పిన్ని ఒక్కదాని మాట కాదు మరి. మేముండే ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో మనవాళ్ళు నాలుగు కుటుంబాలు కలిసి భోజనాలు పెట్టుకుంటే, పులిహోర అయిపోయి పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు అనే తీరతారు: "ఎన్నైనా చెప్పండి, మన దగ్గరే హాయి. ఇక్కడ అన్నీ మనమే చేసుకోవాలి." వెనక్కి వెళ్ళిపోదామనుకునేవాళ్ళు చెప్పే కారణాల్లో అమ్మానాన్నల తర్వాతి స్థానం దీనిదే.

ఈ లెక్క సగమే చూస్తున్నామని నాకనిపిస్తోంది. మన దగ్గర కాస్త డబ్బున్నవాళ్ళ సుఖమంతా ఇంటి లోపల ఉంటుంది, గుమ్మం దాటితే ఎవరి పాట్లు వాళ్ళవి. ఇక్కడ లోపల ఎవరి పాట్లు వాళ్ళవి, సుఖం గుమ్మం దాటాక మొదలవుతుంది. రెండు ఊళ్ళని పోల్చేటప్పుడు మనం గుమ్మం లోపలిది మాత్రమే కొలిచి "హాయి" అని తేల్చేస్తున్నాం.

ఒక మామూలు శనివారం

ఏప్రిల్‌లో ఏదో ఒక శనివారం తీసుకుందాం. లేవగానే నేను చూసేది ఇక్కడి వాతావరణ శాఖ మెట్ ఏరన్ యాప్‌లో వాన రాడార్. పడమటి నుంచి మబ్బు వస్తోందా, వస్తే ఎన్నింటికి చేరుతుంది అన్నదాన్ని బట్టి బట్టలు బయట తీగ మీదికా, లోపల స్టాండు మీదికా అన్నది తేలుతుంది. నిజానికి రాడార్ కంటే పక్కింటి పెద్దావిడ మీద నాకు నమ్మకం ఎక్కువ. ఆవిడ దుప్పట్లు తీగ ఎక్కాయంటే నేను మారు మాట్లాడకుండా మెషిన్ ఆన్ చేస్తాను. రైతులకి ఇచ్చే వాతావరణ సూచనలో తడి ఆరే పరిస్థితి ఎలా ఉంటుందో విడిగా చెప్పే దేశం ఇది. ఒంగోలులో పెరిగిన మా ఆయనకి బట్టలు ఆరడం కూడా ఒక వార్త అని మొదట్లో అర్థమయ్యేది కాదు.

వాన పడి లోపల ఆరేయాల్సి వస్తే అది ఇంకో తంటా. ఆ తేమంతా కిటికీ అద్దాల మీద నీళ్ళై కారుతుంది, ఫ్రేముల మూలల్లో నల్లగా బూజు పడుతుంది. దాన్ని వారం వారం స్ప్రే కొట్టి తుడవాలి, లేకపోతే పాపకి దగ్గు. పిన్ని చూసిన గ్లౌజులు ఇందుకు కూడా వాడతాను. విదేశీ జీవితం ఫోటోల్లో ఈ బూజు ఎక్కడా కనపడదు.

ఇడ్లీ పిండి సంగతి వేరే. శుక్రవారం రాత్రి రుబ్బి హాట్ ప్రెస్‌లో పెడతాను. వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమరని ఇక్కడ అలా అంటారు, ఐరిష్ వాళ్ళు తువ్వాళ్ళూ దుప్పట్లూ వెచ్చగా ఉండాలని అందులో సర్దుకుంటారు. ఐర్లండ్ తెలుగువాళ్ళ ఇడ్లీ పిండి మాత్రం ఆ తువ్వాళ్ళ మధ్యే పొంగుతుంది. గిన్నె కింద పళ్ళెం పెట్టడం మర్చిపోతే ఏమవుతుందో ఇక్కడి ఏ తెలుగింట్లోనైనా అడగండి.

తర్వాత చెత్త. నల్ల బిన్ను, ఆకుపచ్చ బిన్ను, గోధుమరంగు బిన్ను. మా వైపు తీసుకెళ్ళేవి ప్రైవేటు కంపెనీలే, డబ్బు కట్టాలి, ఏ వారం ఏది బయట పెట్టాలో ఫ్రిజ్ మీద అంటించుకోవాలి. ఇవి చాలవన్నట్టు 2024 ఫిబ్రవరి 1 నుంచి డిపాజిట్ పద్ధతి వచ్చింది. కూల్‌డ్రింక్ డబ్బా కొంటే 15 సెంట్లు, అర లీటరు దాటిన సీసా అయితే 25 సెంట్లు అదనంగా కడతాం, ఖాళీది సూపర్‌మార్కెట్ ముందున్న మెషిన్‌లో వేస్తే వెనక్కి వస్తాయి. డబ్బా నలగకూడదు, లేబుల్ చిరగకూడదు. మా పాప ఇది తన వ్యాపారంగా పెట్టుకుంది. ఒక్కో సీసా గుండ్రటి కన్నంలో పెట్టడం, అది లోపల గిరగిరా తిరగడం, తెర మీద అంకె పెరగడం. మధ్యలో మెషిన్ నిండిపోయి ఎర్ర లైటు వెలిగితే తాళంచెవి ఉన్న కుర్రాడు వచ్చేదాకా క్యూ అంతా ఓపిగ్గా నిలబడుతుంది. ఆ క్యూలో టై కట్టుకున్నాయనా ఉంటాడు, సంచులకొద్దీ డబ్బాలు ఏరి తెచ్చుకున్నాయనా ఉంటాడు.

పనుల పంపకం గురించి ఎక్కువ చెప్పను. వాక్యూమ్, చెత్త, కారు మా ఆయనవి. బట్టలు, బాత్రూములు నావి. వంట ఇద్దరిదీ అని ఆయన అంటారు.

ఇందులో ఏదో ఆనందం ఉందని నేను చెప్పబోవడం లేదు. "చేతులతో పని చేసుకుంటే మనసుకి ప్రశాంతత" లాంటి మాటలు బాత్రూము మూలలు తోమనివాళ్ళు రాస్తారు. విసుగే. మధ్యాహ్నం రెండున్నర అయ్యేసరికి నడుము లాగుతుంది. పిన్ని జాలిపడటంలో తప్పేమీ లేదు. నా తగువంతా ఆ రెండున్నర తర్వాత సంగతి గురించే.

గుమ్మం దాటాక

మేముండేది మాంక్స్‌టౌన్ వైపు. సముద్రం పక్కనే నడుచుకుంటూ డన్‌లీరీ వెళ్ళి, ఈస్ట్ పియర్ చివరి దాకా పోయి, వెనక్కి రావాలనిపిస్తే నడిచి, కాళ్ళు లాగితే డార్ట్ రైలెక్కి వస్తాం. పియర్ అంటే సముద్రంలోకి 1.3 కిలోమీటర్లు చొచ్చుకుపోయిన రాతి గట్టు. అడుగడుగునా పెద్ద పెద్ద గ్రానైటు దిమ్మలు, వాన వెలిసి ఎండ పడితే అందులోని అభ్రకం మెరుస్తుంది. దీన్ని షికారు కోసం కట్టలేదు. 1807 నవంబరులో ఒక తుపాను రాత్రి సైనికులనీ వాళ్ళ కుటుంబాలనీ తీసుకెళ్తున్న రెండు ఓడలు ఈ ఒడ్డునే బద్దలై నాలుగు వందల మంది దాకా చనిపోయారు. తుపానులో ఓడలకి ఆశ్రయం కావాలని జనం పట్టుబడితే, 1817లో పని మొదలైంది. రాయి డాకీ కొండ నుంచి వచ్చింది. రాయి నింపిన బళ్ళు పట్టాల మీద కిందికి దిగుతుంటే, అదే బరువుకి ఖాళీ బళ్ళు పైకి వెళ్ళేట్టు గొలుసుతో కట్టారు. ఆ పట్టాల దారి ఇప్పుడు 'ది మెటల్స్' అనే కాలిబాట. పిల్లలు దాని మీద స్కూలుకి వెళ్తారు.

గట్టు మధ్యలో ఒక చిన్న రాతి గది ఉంది, 1852లో గాలి వేగం కొలవడానికి కట్టింది. ఏప్రిల్‌లో ఎదురుగాలి కొడుతుంటే దాని వెనక నిలబడి కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఎదురుగా హౌత్ కొండ, ఎడమవైపు పూల్‌బెగ్ కరెంటు స్టేషన్ ఎర్రా తెలుపూ చిమ్నీలు. వాటి నుంచి పొగ రావడం ఎప్పుడో ఆగిపోయింది, అయినా కూల్చడానికి డబ్లిన్ జనం ఒప్పుకోరు.

నేను చూసేది వీటికంటే ఎక్కువగా మనుషుల్ని. చక్రాల కుర్చీలో తల్లిని తోసుకెళ్ళే కొడుకు, చిప్స్ పొట్లాలతో టీనేజీ పిల్లలు, డ్యూటీ దిగిన ఫిలిప్పీన్స్ నర్సులు, కుక్కలు, కుక్కలకి స్వెటర్లు. వీళ్ళ మధ్యలో విజిటర్ వీసా మీద వచ్చిన మన పెద్దవాళ్ళు: ఆవిడకి చీర మీద చలికోటు, కింద స్పోర్ట్స్ షూ, ఆయనకి మంకీ క్యాప్. దూరం నుంచే తెలుగువాళ్ళా తమిళులా అని మేం పందెం వేసుకుంటాం.

మా మామగారు వచ్చినప్పుడు ఇంట్లో ఆయనకి అసలు తోచలేదు. పేపరు లేదు, టీ కొట్టు లేదు, పలకరించే మనిషి లేడు. ఒకరోజు ఈ గట్టు మీదికి తీసుకొచ్చాం. సగం దూరం వెళ్ళాక ఆగి, "దీనికి టికెట్టు ఎక్కడ తీసుకున్నావమ్మా?" అన్నారు. లేదన్నాను. "మరి ఎవరు చూసుకుంటున్నారు దీన్ని?" 2018 నుంచి స్థానిక కౌన్సిల్ చూసుకుంటోంది అని చెప్తే, నమ్మనట్టు కాసేపు ఆ రాళ్ళని చెప్పు కాలితో తట్టి చూశారు. ఆయన రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరయ్యారు, ఆ అనుమానం వృత్తిరీత్యా వచ్చింది. ఆ తర్వాత వర్షం లేని ప్రతి రోజూ ఆయనే ఒక్కరే వెళ్ళొచ్చేవారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, భాష అంతంతమాత్రం, తెలియని ఊళ్ళో ఒంటరిగా నడిచెళ్ళి, బెంచీ మీద కూర్చుని, రైల్లో వెనక్కి రావడం! హైదరాబాద్‌లో మా ఫ్లాట్ నుంచి మందుల షాపుకి వెళ్ళాలన్నా ఆయనకి తోడు కావాలి. రోడ్డు దాటలేరు.

నేను సుఖం అంటున్నది దీన్నే. డ్రైవరు లేకుండా, కారు లేకుండా, కొడుకు ఖాళీ కోసం చూడకుండా ఒక ముసలాయన తనంతట తాను బయటికి వెళ్ళి రాగలగడం. ఇందుకోసం మేమేమీ కొనలేదు. ఫుట్‌పాత్ తెగకుండా ఉంది, మెట్లున్న చోట పక్కన వాలు ఉంది, కొంచెం దూరానికో బెంచీ ఉంది, రెండు యూరోలకి తొంభై నిమిషాల పాటు రైలైనా బస్సైనా ఎక్కొచ్చు.

ఇంకొక సంగతి కూడా ఈ గట్టు మీదే తట్టింది. మా ఆఫీసులో సాయంత్రాలు శుభ్రం చేసే బ్రెజిల్ ఆవిడ ఒక శనివారం కొడుకుతో ఐస్‌క్రీం తింటూ ఎదురొచ్చింది. నిలబడి పది నిమిషాలు మాట్లాడుకున్నాం, స్కూళ్ళ గురించి, అద్దెల గురించి. ఆవిడదీ నాదీ ఒకే శనివారం, ఒకే గాలి. హైదరాబాద్‌లో మా ఇంట్లో ఏళ్ళ తరబడి పనిచేసిన ఆవిడ నాకు మా వంటిల్లు దాటి ఇంకెక్కడా కనపడలేదు. పార్కులో గానీ, సినిమా హాల్లో గానీ, ట్యాంక్‌బండ్ మీద గానీ. నేను షికారుకి వెళ్ళే టైముకి ఆవిడ ఇంకో ఇంట్లో అంట్లు తోముతూ ఉండేది.

పిన్ని లెక్క, నా లెక్క

ఐర్లండ్‌లో 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకి 14.15 యూరోలు. రోజుకి రెండు గంటలు ఒక మనిషిని పెట్టుకున్నా, ఆ కనీసం ప్రకారమే నెలకి దాదాపు 850 యూరోలు. నిజంగా అడిగేది ఇంతకంటే ఎక్కువే. అంత ఇచ్చుకోలేను, అందుకే గ్లౌజులు వేసుకున్నాను. పిన్ని దగ్గరికి రెండు పూటలా వచ్చే ఆవిడకి ఇచ్చేది నెలకి మూడు వేల చిల్లర. పండక్కి చీర, కూతురి పెళ్ళికి కొంత సాయం, జ్వరమొస్తే మందులు, ఇవన్నీ పిన్ని మనసు బట్టి. పిన్ని మనసు మంచిదే. కానీ ఇంకొకరి మంచి మనసు మీద నెల గడవాల్సి రావడం అనేది ఆ పనిచేసే ఆవిడ వైపు నుంచి ఎలా ఉంటుందో మనం అడగం. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒక ఒడంబడిక తెచ్చింది. ఐర్లండ్ 2014లో దాన్ని ఆమోదించింది, మన దేశం ఇంకా ఆమోదించలేదు.

ఇక్కడిదాకా నాకు అనుకూలంగానే ఉంది. ఇబ్బంది ఇక్కడినుంచే మొదలవుతుంది.

ఈ గట్టు కట్టిన కాలానికి ఈ ఊరు నిండా పనివాళ్ళే. మాంక్స్‌టౌన్, డన్‌లీరీల్లో సముద్రానికి ఎదురుగా నిలబడ్డ ఆ పెద్ద పెద్ద వరస ఇళ్ళకి నేలకింద గదులుంటాయి. ఒకప్పుడు వంటిళ్ళూ పనివాళ్ళ గదులూ అవే, ఇప్పుడు వాటిని అద్దెకిస్తున్నారు. అంతేకాదు, 19వ శతాబ్దంలో అమెరికా ఇళ్ళల్లో అంట్లు తోమింది చాలా వరకు ఐర్లండ్ నుంచి వెళ్ళిన ఆడపిల్లలే. ఎంతగా అంటే అక్కడి యజమానులు పనమ్మాయి అసలు పేరు ఏదైనా 'బ్రిడ్జెట్' అనే పిలిచేవాళ్ళు. కాబట్టి పనివాళ్ళు లేకపోవడం వల్ల ఇంత మంచి గట్టు వచ్చింది అని నేనంటే అది చరిత్రకి ఎదురెళ్ళడమే. గట్టు ముందే ఉంది. దాని మీద తీరిగ్గా తిరిగే హక్కు అందరికీ రావడానికి ఇంకో నూరేళ్ళకి పైగా పట్టింది.

అదీ ఊరికే రాలేదు. గట్టు దాటి కాస్త ముందుకెళ్తే సాండీకోవ్‌లో ఫార్టీ ఫుట్ అని జనం ఈతకొట్టే చోటు ఉంది. ఏడాది పొడుగునా, మంచులో కూడా దూకుతారు. ఎన్నో తరాల పాటు అది మగవాళ్ళకి మాత్రమే. 1974లో కొందరు ఆడవాళ్ళు వచ్చి దౌర్జన్యంగానే నీళ్ళలోకి దిగారు. దానికి ముందు ఏడాది వరకు, అంటే 1973 దాకా, ఈ దేశంలో ప్రభుత్వోద్యోగం చేసే అమ్మాయి పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం వదిలేయాలన్న నిబంధన ఉండేది. పనివాళ్ళు పోయాక ఐరిష్ ఇంట్లో ఆ చాకిరీ ఎవరి మీద పడిందో దీన్నిబట్టే తెలుస్తుంది. స్త్రీ ఇంట్లో గడిపే జీవితం దేశానికి ఆసరా అని 1937 నాటి రాజ్యాంగంలో రాసుకున్నారు. 2024 మార్చిలో ఆ వాక్యం మార్చాలని రెఫరెండం పెడితే ఓడిపోయింది. కొత్త వాక్యం ఇంకా పేలవంగా ఉందని చాలామంది వద్దన్నారు, అది వేరే చర్చ.

ఇప్పుడు పిన్ని వైపు చూడండి. పెళ్ళయి, ఇద్దరు పిల్లలతో, ముప్పై ఏళ్ళు నిక్షేపంగా స్కూల్లో పాఠాలు చెప్పింది. ఆమె ఈడు ఐరిష్ ఆవిడ, మా పక్కింటావిడే, ఉద్యోగం మానేసి దుప్పట్లు ఆరేసింది. పిన్ని ఉద్యోగం చేయగలిగింది ఎవరి వల్ల? ఆ అంట్లు తోమే ఆవిడ వల్ల. తక్కువ జీతానికి దొరికిన ఒకామె శ్రమ ఇంకొకామెని నిలబెట్టింది. దీన్ని అన్యాయం అని కొట్టిపారేయడం తేలికే, కానీ అది లేకపోతే పిన్నికి ఈ పింఛను కూడా ఉండేది కాదు. ఈ ముడి నాకు విడివడటం లేదు.

బయటి సుఖం ఎవరికి?

"అందరిదీ" అని నేను గొప్పగా చెప్పిన ఆ వీధి నిజంగా అందరిదేనా అన్నది ఇంకో ప్రశ్న. 2025 జులైలో డబ్లిన్ శివార్లలో, టాలాలో, ఒక భారతీయుడి మీద దారుణంగా దాడి జరిగింది. ఆ తర్వాత ఇంకొన్ని జరిగాయి. ఆగస్టు మొదట్లో భారత ఎంబసీ, జనం లేని చోట్లకి వేళకాని వేళ వెళ్ళొద్దని హెచ్చరిక ఇచ్చింది. మా వాట్సాప్ గ్రూపుల్లో ఆ వారమంతా టెన్షన్. చీకటిపడ్డాక బయటికి వెళ్ళొద్దని, తెలుగులో గట్టిగా ఫోన్ మాట్లాడొద్దని, ఒకాయనైతే ఏకంగా మామగార్లని నడకలకి పంపొద్దని. నా జాకెట్ మీద కూడా ఒక సాయంత్రం గుడ్డు వచ్చి పడింది, సైకిళ్ళ మీద వెళ్తున్న పిల్లలు విసిరింది. దెబ్బ ఏమీ తగల్లేదు. ఇంటికొచ్చి జాకెట్టు ఉతుక్కున్నాను, అదీ నా పనే కదా. ఇప్పటికీ పగటిపూట గట్టు మీదికి నిశ్చింతగా వెళ్తాను. చలికాలంలో నాలుగున్నరకే చీకటి పడే రోజుల్లో మాత్రం ఒక్కదాన్నే వెళ్ళాలంటే ముందూ వెనకా చూస్తాను. బయటి సుఖానికి ఉన్న బలహీనత ఇదే. లోపలి సుఖాన్ని తలుపేసి కాపాడుకోవచ్చు, దీనికి తలుపు లేదు.

నిర్వహణ సంగతీ అంతే. బ్రే నుంచి గ్రేస్టోన్స్ దాకా సముద్రం అంచున కొండ పక్కగా ఏడు కిలోమీటర్ల కాలిబాట ఉంది, రైలు మార్గం వేసేటప్పుడు పనివాళ్ళ కోసం కట్టిన దారి. కొండ విరిగిపడిందని 2021లో గ్రేస్టోన్స్ వైపు మూసేస్తే ఏళ్ళు గడిచినా తెరవలేదు. మాకు దగ్గర్లో ఉన్న మెరియన్ తీరంలో నీళ్ళు బాగోలేవని 2020 నుంచి స్నానాలు శాశ్వతంగా నిషేధించారు. పెద్ద వాన పడితే మిగతా తీరాల్లో కూడా మురుగు కలిసిందని బోర్డులు పెడతారు. మరోవైపు డన్‌లీరీ పాత స్నానఘట్టాలు ఏళ్ళకొద్దీ పాడుబడి ఉండి, 2022 చివర్లో మళ్ళీ జనానికి తెరుచుకున్నాయి. జరిగినప్పుడు బాగా జరుగుతుంది, జరిగేదాకా తరం మారిపోతుంది.

అన్నిటికంటే నా నోరు మూయించేది ఇళ్ళ సంగతి. 2025లో ఈ దేశంలో ఇల్లు లేక అత్యవసర వసతుల్లో ఉన్నవాళ్ళ సంఖ్య 15,000 దాటింది. పిల్లాపాపలతో హోటల్ గదిలో ఉండే తల్లికి "బయట ఎంత మంచి గట్టుందో చూడండి" అని చెప్పే ముఖం నాకు లేదు. లోపల అనేదే లేనివాళ్ళకి ఈ పోలికంతా వెక్కిరింతలా ఉంటుంది. కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకుంటాను: తలదాచుకోను ఇల్లున్న మధ్యతరగతి వాళ్ళం, మనం హాయిని ఎక్కడ వెతుకుతున్నాం అన్నంత వరకే ఇది.

పిన్నికి ఇదంతా ఇంకోసారి ఫోన్లో చెప్పాను. సముద్రం ఉన్న ఊళ్ళో పుట్టిందానివి, ఆఖరిసారి ఒడ్డున ఎప్పుడు నడిచావని అడిగాను. "ఆ ఉప్పాడ రోడ్డుని సముద్రం సగం తినేసింది, ఇంకెక్కడ నడిచేది?" అంది ముందు. తర్వాత అసలు దెబ్బ కొట్టింది. "సరేగానీ, అంత దూరం నడిచొచ్చావు కదా, దారిలో ఎవరితోనైనా మాట్లాడావా? నేను సాయంత్రం అరుగు మీద కూర్చుంటే వీధిలో వాళ్ళందరూ పలకరించి పోతారు. నాలుగడుగులు వేయక్కర్లేదు. మరి నాది ఇంట్లో సుఖమా, వీధిలో సుఖమా?" అరుగు నా లెక్కలో ఎక్కడా లేదు. అది లోపలా కాదు, బయటా కాదు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలోనూ లేదు, డబ్లిన్‌లోనూ లేదు. ఉన్న చోట కూడా మనవాళ్ళు పార్కింగ్ కోసం కొట్టేస్తున్నారు. పలకరింపు విషయంలో పిన్నిదే పైచేయి. పియర్ మీద ఎదురొచ్చినవాళ్ళు వాతావరణం గురించి ఒక మాట అంటారు, అంతే, అక్కడితో సరి.

ఇదంతా ఉబుసుపోక రాస్తున్నది కాదు. రెండేళ్ళలో హైదరాబాద్ వెళ్ళిపోదామా అని మా ఇంట్లో చర్చ నడుస్తోంది, ఫ్లాట్లు చూస్తున్నాం. మా ఆయన జాబితాలో పనమ్మాయికి విడిగా గది, పవర్ బ్యాకప్, రెండు కార్లకి చోటు ఉన్నాయి. నేను ఒకటే అడిగాను: గేటు నుంచి బస్టాపు దాకా మామయ్య ఒక్కరే నడిచి వెళ్ళగలరా? నార్సింగి వైపు ఫ్లాట్ చూపిస్తున్న ఏజెంటుకి ఆ ప్రశ్న అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "వాకింగ్ ట్రాక్ లోపలే ఉంది మేడం, పోడియం మీద, రబ్బరు ఫ్లోరింగ్. మీకు అసలు బయటికెళ్ళే పనే ఉండదు" అన్నాడు, చాలా సంతోషంగా.

మా ఆయన దగ్గర నేను దీన్నే సాక్ష్యంగా చూపించాను. ఆయన అన్నది ఇది: "బయట ఫుట్‌పాత్ ఏజెంట్ అమ్మేది కాదు, మనం కొనేదీ కాదు. గేటు లోపలిది కొనుక్కుంటాం, బయటిదానికి ఓటేస్తాం, ట్యాక్స్ కడతాం, అడుగుతాం. ఇక్కడ ఎవరో రెండొందల ఏళ్ళ కిందట అడిగి కట్టించుకున్నదాని మీద మనం వచ్చి నడుస్తున్నాం. అక్కడ అడిగేవాళ్ళం మనమే అవ్వాలి. అందుకు ఒప్పుకుంటేనే వెళ్దాం, లేకపోతే పోడియం మీద తిరుగు." నాకు దీనికి జవాబు దొరకలేదు. దొరికేదాకా ఆ ఫ్లాట్‌కి అడ్వాన్సు ఇవ్వొద్దని మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం. పనమ్మాయి గది గురించి ఇంకా తేలలేదు. కిటికీ కూడా లేని ఆ ఆరడుగుల గది ప్లాను చూశాక, అది ఉన్న ఫ్లాట్ నాకొద్దంటున్నాను, ఆయన స్టోర్ రూమ్ చేద్దామంటున్నారు.